400 వాట్ల ప్యానెల్, 50 వాట్ల ఫ్రిజ్

కారు వెనక కారవాన్ తగిలించుకుని ఆస్ట్రేలియా తిరగడానికి బయల్దేరిన కొత్తవాళ్ళలో చాలామందికి ఒకే చిక్కు ఎదురవుతుంది. బండి కప్పు మీద 400 వాట్ల సోలార్ ప్యానెల్ ఉంటుంది. లోపల ఫ్రిజ్ లాగేది 50 వాట్లే. ప్యానెల్ బలం ఫ్రిజ్ అవసరానికి ఎనిమిది రెట్లు. పైగా నిండుగా చార్జయిన బ్యాటరీ కూడా ఉంటుంది. అయినా జూన్‌లో, అంటే అక్కడి చలికాలంలో, విక్టోరియా రాష్ట్రపు అడవిలో ఎక్కడో మకాం వేస్తే మూడో రాత్రి తెల్లవారుజామున ఫ్రిజ్ ఆగిపోతుంది. లైట్లు వెలగవు. ప్యానెల్ కొన్నచోటికి తీసుకెళ్ళి చూపిస్తే ఏ లోపమూ లేదంటారు. బ్యాటరీ కూడా బాగానే ఉందంటారు. వాళ్ళు చెప్పేది చాలాసార్లు నిజమే.

కారవాన్ అంటే చక్రాల మీద నడిచే చిన్న ఇల్లు. మంచాలు, వంటగట్టు, ఫ్రిజ్, నీళ్ళ పంపు, కొన్నింటిలో స్నానాలగది కూడా ఉంటాయి. కారవాన్ పార్కులో దిగితే స్థలం పక్కనే కరెంటు ప్లగ్గు దొరుకుతుంది, దానికి తగిలించుకుంటే ఇంట్లో ఉన్నట్టే. నది ఒడ్డునో, ఎడారి అంచునో, జాతీయ ఉద్యానంలోనో దిగితే ఆ ప్లగ్గు ఉండదు. చాలా ఉద్యానాల్లో జనరేటర్ మోగించడానికి అనుమతి కూడా ఉండదు. ఇలా నెలల తరబడి తిరిగేవాళ్ళలో ఎక్కువమంది ఉద్యోగ విరమణ చేసిన దంపతులు. అక్కడ వాళ్ళని గ్రే నోమాడ్స్ అంటారు. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ దాచుకున్నవాళ్ళు, నిద్రలో ఊపిరి ఆగకుండా రాత్రంతా సీపాప్ యంత్రం పెట్టుకుని పడుకునేవాళ్ళు వాళ్ళలో ఉంటారు. ఇన్సులిన్ నిల్వకు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి. ఊరికి మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఫ్రిజ్ ఎందుకాగిందన్నది వాళ్ళకు ప్రాణం మీది ప్రశ్న.

వాన, చెరువు, ఆయకట్టు

ఈ వ్యవహారమంతా మన ఊరి చెరువు లెక్కే. ఎండ వాన, బ్యాటరీ చెరువు, బండిలో కరెంటు తాగే పరికరాలన్నీ కలిపి ఆయకట్టు. ఏ రైతూ చెరువు ఎంత లోతో చూసి మాత్రమే నాట్లు వెయ్యడు. ఈ ఏడు ఎంత వాన పడుతుంది, చెరువులో ఎన్ని నీళ్ళు పడతాయి, ఎన్ని ఎకరాలకు పారాలి అన్న మూడూ చూస్తాడు. కారవాన్ కొన్నవాళ్ళు ఎక్కువగా మొదటిదాన్నే చూస్తారు. అది కూడా వాన ఎంత పడిందో కాక, మహా గట్టిగా కురిస్తే ఎంత జోరుగా కురవగలదో చెప్పే అంకెను చూస్తారు. ప్యానెల్ మీద రాసి ఉండే 400 వాట్లు ఆ జోరు.

జోరు వేరు, మొత్తం వేరు. మొత్తాన్ని కొలవడానికి మనకు చిరపరిచితమైన కొలత ఉంది, కరెంటు బిల్లులో వచ్చే యూనిట్. 1000 వాట్ల హీటర్ గంటసేపు వాడితే ఒక యూనిట్. 50 వాట్ల బల్బు ఇరవై గంటలు వెలిగినా ఒక యూనిట్టే. బ్యాటరీలో ఎంత ఉంది, ఎండ ఎంత ఇచ్చింది, ఫ్రిజ్ ఎంత తాగింది అన్న మూడింటినీ యూనిట్లలోకి మార్చి పక్కపక్కన పెడితే మన చిక్కు ముడి విడిపోతుంది.

ముందు ఫ్రిజ్. 50 వాట్ల కంప్రెసర్ రోజంతా ఆగకుండా తిరగదు, లోపలి చల్లదనం తగ్గినప్పుడే తిరుగుతుంది. సగం సేపు తిరిగిందనుకుంటే రోజుకు 0.6 యూనిట్. ఇప్పుడు ప్యానెల్. జూన్‌లో మెల్బోర్న్ చుట్టుపక్కల పడే ఎండ రోజు మొత్తానికి సుమారు రెండు గంటల నిండు ఎండతో సమానం. 400 వాట్లు రెండు గంటలంటే 0.8 యూనిట్. వేడికీ, దుమ్ముకీ, తీగల్లోనూ బ్యాటరీలోనూ పోయేదానికీ పావు వంతు తీసేస్తే చేతికొచ్చేది 0.6 యూనిట్.

ఎనిమిది రెట్లు అనుకున్నది సమానమైంది. ఆ రోజు పడిన ఎండంతా ఫ్రిజ్ ఒక్కటే తాగేసింది. లైట్లు, ఫోన్లు, ల్యాప్‌టాప్, హీటరు ఫ్యానుకు కావలసిన మరో 0.4 యూనిట్ బ్యాటరీ నుంచే రావాలి, రోజూ రావాలి. కారవాన్లలో సాధారణంగా ఉండే 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లిథియం బ్యాటరీలో పట్టేది 1.28 యూనిట్లు. మొదటి సాయంత్రం నిండుగా ఉంటుంది. రాత్రి 0.6 పోతుంది. పగలు 0.6 వస్తుంది, కానీ ఆ పగటి వాడకానికి 0.4 పోతుంది. రెండో సాయంత్రానికి 0.9 దగ్గర, మూడో సాయంత్రానికి అర యూనిట్ దగ్గర ఉంటుంది. ఆ రాత్రికి 0.6 కావాలి. తెల్లవారుజామున చెరువు ఎండింది.

ఇలాంటప్పుడు చాలామంది ఇంకో బ్యాటరీ కొంటారు. దానివల్ల ఫ్రిజ్ మూడో రాత్రి బదులు ఆరో రాత్రి ఆగుతుంది. రోజువారీ లోటు పూడనంత కాలం చెరువు ఎంత పెద్దదైనా ఎండక తప్పదు.

ముందు ఆయకట్టు కొలవాలి

ప్యానెల్ ఎంత పెద్దది కావాలో తేల్చే పని ప్యానెళ్ళ దుకాణంలో జరగదు, బండి లోపల జరుగుతుంది. ఏ పరికరం రోజుకు ఎన్ని యూనిట్లు తింటుందో రాసుకోవాలి. అలా రాస్తే మనం భయపడే వస్తువులు అమాయకంగానూ, పట్టించుకోని వస్తువులు తిండిపోతులుగానూ తేలుతుంటాయి.

మిక్సీ సంగతి చూడండి. 750 వాట్లు, పెద్ద అంకె. కానీ పచ్చడి నూరడానికి మూడు నిమిషాలు చాలు, అయ్యే ఖర్చు 0.04 యూనిట్. పన్నెండు వోల్టుల నీళ్ళ పంపు మోగుతుంటే బండంతా అదురుతుంది, రోజుకు 0.01 యూనిట్ కూడా తినదు. అదే ఇన్వర్టర్ తీసుకోండి. బ్యాటరీలోని 12 వోల్టులను ఇంటి ప్లగ్గులో వచ్చే 230 వోల్టులుగా మార్చే పెట్టె అది. దానికి ఏదీ తగిలించకపోయినా, ఆన్ చేసి ఉంచితే చాలు, తన కోసం తాను 10 నుంచి 20 వాట్లు తింటుంది. రాత్రీ పగలూ ఆన్‌లో ఉంటే రోజుకు పావు నుంచి అర యూనిట్ గాల్లో కలిసినట్టే. ఫోన్ చార్జ్ చేయడానికి ఇన్వర్టర్ ఆన్ చేసి మరిచిపోయిన కుటుంబం, ఫోన్లు తిన్నదానికి పదింతలు ఇన్వర్టర్‌కి పెడుతుంది. అందుకే ఫోన్లు, లైట్లు, ఫ్యాన్లు, పంపు నేరుగా 12 వోల్టుల మీద నడిచేవి పెట్టుకుని, మిక్సీ వేసే మూడు నిమిషాలకే ఇన్వర్టర్ ఆన్ చేయడం మంచి పద్ధతి.

పెట్టె: ఇద్దరు మనుషులు, చలికాలంలో ఒక రోజు
ఫ్రిజ్ (12 వోల్టుల కంప్రెసర్): 0.6 యూనిట్
ల్యాప్‌టాప్, రెండు గంటలు: 0.12
డీజిల్ హీటర్ ఫ్యాను: 0.12
ఎల్ఈడీ లైట్లు: 0.06
చిన్న టీవీ: 0.05
ఫోన్లు: 0.04
నీళ్ళ పంపు: 0.01
మొత్తం: 1 యూనిట్
సీపాప్ యంత్రం ఉంటే, గాలిని తడిచేసే హీటర్ వాడకుండా, రాత్రికి మరో పావు యూనిట్ కలపాలి.

ఫ్రిజ్ ఏ రకందన్నది అన్నింటికన్నా ముఖ్యం. పాత కారవాన్లలో ఎక్కువగా ఉండేది కంప్రెసర్ లేని ఫ్రిజ్. గ్యాసు మంట వేడితో అమ్మోనియాను మరిగించి, ఆ చక్రంతో చల్లదనం పుట్టించే యంత్రమది. స్టాక్‌హోంలో చదువుకుంటున్న ఇద్దరు విద్యార్థులు, వాన్ ప్లాటెన్, ముంటెర్స్, 1922లో కనిపెట్టారు. గ్యాసు మీద నడిచినప్పుడు చప్పుడు లేకుండా వారాల తరబడి పనిచేస్తుంది. కానీ దాన్నే బ్యాటరీ మీద నడిపితే మంట చేసే పనిని హీటర్ తీగ చెయ్యాలి. గంటగంటకూ 120 వాట్లు, ఇంకా పైన లాగుతుంది, కంప్రెసర్ ఫ్రిజ్‌లా మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకోవడం తక్కువ. రోజుకు మూడు యూనిట్ల దాకా పోతుంది. పాత బండికి కొత్త ప్యానెళ్ళు బిగించేముందు ఈ ఫ్రిజ్ మార్చుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఒక్క మార్పుతో ఆయకట్టు సగం కన్నా ఎక్కువే తగ్గిపోతుంది.

వేడి పుట్టించే పని ఏదైనా ఇంతే. లీటరు నీళ్ళను గది వేడి నుంచి మరిగించడానికి ప్రకృతి నియమం ప్రకారమే 0.09 యూనిట్ కావాలి, ఏ కంపెనీ కెటిల్ కూడా దానికన్నా తగ్గించలేదు. పొద్దున్నా సాయంత్రం టీ నీళ్ళకే 0.2 పోతుంది. మెల్బోర్న్‌లోనో సిడ్నీలోనో స్థిరపడిన మనవాళ్ళు సెలవులకు కారవాన్ అద్దెకు తీసుకుంటే ముందు సర్దుకునేది రైస్ కుక్కర్. అది 500 వాట్లతో ఒక పూట అన్నం వండడానికి 0.2 యూనిట్ తీసుకుంటుంది. రెండు పూటలా అన్నం, రెండు సార్లు టీ అయితే ఆ రోజు పడిన ఎండంతా పొయ్యికే సరి. గ్యాసు పొయ్యి మీద ప్రెషర్ కుక్కర్ పెట్టుకుంటే బ్యాటరీ మీద ఆ భారం పడదు. కారవాన్లలో గ్యాసు సిలిండర్ ఇప్పటికీ పోలేదంటే కారణం ఇదే.

ప్యానెల్ మీద ఏం జరుగుతుంది

సోలార్ ప్యానెల్ పలుచని సిలికాన్ పలకల వరుస. వెలుగు తగిలినప్పుడు సిలికాన్ పరమాణువులకు అంటిపెట్టుకున్న ఎలక్ట్రాన్లలో కొన్ని విడివడతాయి. ఊరికే విడివడితే మళ్ళీ ఎక్కడివక్కడ చేరి వేడిగా మారిపోయేవి. అందుకే పలకను రెండు పొరలుగా తయారుచేస్తారు. ఒక పొరలో చిటికెడు ఫాస్ఫరస్, రెండో పొరలో చిటికెడు బోరాన్ కలుపుతారు. ఆ రెండూ కలిసే సరిహద్దులో పుట్టే విద్యుత్ క్షేత్రం ఎలక్ట్రాన్లను ఒకే వైపుకు నెడుతుంది. వాటికి తిరిగి రావడానికి తీగ ఒక్కటే దారి. ఆ దారిలో మన ఫ్రిజ్ ఉంటుంది.

1954లో బెల్ ల్యాబ్స్ లోకానికి చూపించిన తొలి సిలికాన్ సెల్ తన మీద పడిన వెలుగులో 6 శాతాన్నే కరెంటుగా మార్చింది. ఇవాళ దుకాణంలో దొరికే ప్యానెల్ 20 నుంచి 22 శాతం మారుస్తుంది. ఈ మెరుగుదలలో ఆస్ట్రేలియా పాలు పెద్దది. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ గ్రీన్ బృందం 1980లలో సెల్ వెనక వైపున సన్నని రక్షణ పొర అమర్చి, అక్కడ ఎలక్ట్రాన్లు వృథా కాకుండా ఆపింది. పెర్క్ అని పిలిచే ఆ పద్ధతితోనే గత దశాబ్దంలో ప్రపంచమంతా కోట్లాది ప్యానెళ్ళు తయారయ్యాయి.

ప్యానెల్ మీద రాసే వాట్ల అంకె ప్రయోగశాలలోది. చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుగు నిట్టనిలువుగా పడుతుండగా, సెల్ వేడి 25 డిగ్రీలు ఉండగా కొలిచింది. బండి కప్పు మీద ఆ రెండూ ఒకేసారి దొరకడం అరుదు.

మొదటి తేడా కోణం. మెల్బోర్న్‌లో జూన్ 21న మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతానికి 29 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. కప్పు మీద బల్లపరుపుగా పడుకున్న ప్యానెల్‌కి ఆ వాలు ఎండలో సగం కన్నా తక్కువ అందుతుంది. పోల్చి చూస్తే డిసెంబరు 21న హైదరాబాద్‌లో మధ్యాహ్న సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, మన చలికాలం సోలార్‌కి పెద్దగా చలికాలమే కాదు. అందుకే దక్షిణ ఆస్ట్రేలియాలో తిరిగేవాళ్ళు కప్పు మీది ప్యానెల్‌తోపాటు మడతపెట్టే ప్యానెల్ ఒకటి వెంట తీసుకెళ్తారు. దాన్ని నేల మీద ఉత్తరానికి తిప్పి (మనం దక్షిణానికి తిప్పినట్టు) ఏటవాలుగా నిలబెడితే మబ్బులేని చలికాలపు మధ్యాహ్నం అదే వాట్ల ప్యానెల్ దాదాపు రెట్టింపు ఇస్తుంది. ఇంకో లాభం, బండిని చెట్టు నీడలో ఉంచి ప్యానెల్‌ని మాత్రం తీగతో ఎండలోకి పంపొచ్చు.

రెండోది వేడి. ఎండ ఎంత ఎక్కువైతే కరెంటు అంత ఎక్కువని అనుకుంటాం. వెలుగు విషయంలో అది నిజం, వేడి విషయంలో తలకిందులు. సెల్ 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ సుమారు 0.35 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుంది. వేసవిలో కప్పు మీద సెల్ 65 డిగ్రీలకు చేరడం మామూలే. అప్పుడు 14 శాతం పోయినట్టే. కప్పుకి నేరుగా అంటించే పలుచని ప్యానెళ్ళు అందంగా ఉంటాయి, గాలికి అడ్డు రావు, కానీ కింద గాలి ఆడక మరీ కాలిపోతాయి. రెండు మూడు అంగుళాల ఎత్తున బిగించే గాజు ప్యానెల్‌నే నేను ఎంచుకుంటాను. రామగుండం మే నెల ఎండలో కప్పు మీద సోలార్ పెట్టుకున్నవాళ్ళకి కూడా ఇదే వర్తిస్తుంది: వాళ్ళ ప్యానెళ్ళు ఒకానొక క్షణంలో అత్యధికంగా ఇచ్చేది చల్లగాలి వీచే ఫిబ్రవరి మధ్యాహ్నం కావచ్చు.

పెట్టె: గుప్పెడు నీడకు అంత నష్టమా?
ప్యానెల్‌లోని సెల్స్ అన్నీ ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. ఒకే కరెంటు అన్నింటి గుండా పోవాలి. ఒక్క సెల్ మీద ఆకు పడినా, కిటికీ మూత నీడ పడినా ఆ సెల్ అంత కరెంటును పోనివ్వలేదు, దాంతో వరుస మొత్తం దాని స్థాయికి దిగిపోతుంది. పైగా మిగతా సెల్స్ నెట్టే ఒత్తిడంతా నీడలో ఉన్న సెల్‌లో వేడిగా మారి దాన్ని కాల్చేయగలదు. దీన్ని తప్పించడానికి ప్యానెల్‌ని రెండు మూడు భాగాలు చేసి, ప్రతి భాగానికీ ఒక డయోడ్‌ని పక్కదారిగా పెడతారు. ఒక భాగంలో నీడ పడితే కరెంటు ఆ భాగాన్ని వదిలేసి పక్కదారి పడుతుంది. ఆ విధంగా గుప్పెడు నీడకు ప్యానెల్‌లో మూడో వంతు పోతుంది, మొత్తం మాత్రం పోదు. కారవాన్ కప్పు మీద ఏసీ డబ్బా, గాలి కిటికీలు, యాంటెన్నా ఉంటాయి. చలికాలపు వాలు ఎండలో వాటి నీడలు చాలా పొడుగు.

చెరువు గట్టు

బ్యాటరీల్లో రెండు రకాలు చూస్తాం. మన ఇళ్ళలో ఇన్వర్టర్ కింద ఉండి, అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటర్ పోయించుకునేది లెడ్ యాసిడ్ బ్యాటరీ. ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్తోన్ ప్లాంటే 1859లో కనిపెట్టిన సూత్రమే ఇప్పటికీ నడుస్తోంది. దాన్ని వాడినకొద్దీ సీసపు పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది, చార్జ్ చేస్తే మళ్ళీ కరుగుతుంది. సగానికి మించి ఖాళీ చేసినా, రోజుల తరబడి నిండుగా చార్జ్ చేయకుండా వదిలేసినా ఆ పొర గట్టి స్ఫటికాలుగా బిగుసుకుని ఇక కరగదు. కాబట్టి 100 ఏహెచ్ అని రాసి ఉన్నా భయం లేకుండా వాడుకోగలిగేది 50. ఇంకో కష్టం, చివరి ఇరవై శాతం చార్జ్ చాలా నెమ్మదిగా ఎక్కుతుంది, గంటలు పడుతుంది. చలికాలపు పొట్టి పగటిలో అన్ని గంటల ఎండ ఎక్కడిది? అలా రోజూ అరకొర చార్జ్‌తో లెడ్ బ్యాటరీ ముందుగానే ముసలిదవుతుంది.

రెండోది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ దగ్గర పనిచేసిన పాధి, నంజుండస్వామి ఆయనతో కలిసి 1997లో ప్రచురించిన పరిశోధన దీనికి పునాది. ఇందులో ఆక్సిజన్ పరమాణువులను ఫాస్ఫరస్ గట్టిగా పట్టి ఉంచుతుంది. బ్యాటరీ బాగా వేడెక్కినా ఆక్సిజన్ అంత తేలిగ్గా విడుదల కాదు కాబట్టి, ఫోన్లలో వాడే కొన్ని లిథియం రకాలకన్నా ఇది మంటకు తొందరగా లొంగదు. దాదాపు పూర్తిగా ఖాళీ చేసి మళ్ళీ నింపొచ్చు, అలా వేల సార్లు. 100 ఏహెచ్ లెడ్ బ్యాటరీ సుమారు 30 కిలోలు, లిథియం 12 కిలోల చిల్లర. లాగే బండిలో ప్రతి కిలోకూ లెక్క ఉంటుంది కనుక ఈ తేడా చిన్నది కాదు.

దీనికీ ఒక బలహీనత ఉంది. సున్నా డిగ్రీల కన్నా తక్కువ చలిలో చార్జ్ చేస్తే లిథియం గ్రాఫైట్ లోపలికి ఇంకకుండా పైనే లోహపు పూతలా పేరుకుంటుంది. ఆ నష్టం తిరిగి పూడదు, లోపల షార్టవడానికి కూడా దారితీస్తుంది. ఎడారి మధ్యనున్న ఆలిస్ స్ప్రింగ్స్‌లో సైతం చలికాలపు రాత్రులు సున్నా కిందికి దిగుతాయి. మంచి బ్యాటరీల లోపల ఉండే కాపలా సర్క్యూట్ అలాంటప్పుడు చార్జింగ్ ఆపేస్తుంది. కొనేముందు ఆ రక్షణ ఉందో లేదో అడిగి తీరాలి. మంట అరుదే అయినా పడుకునే గదిలో మంట అరుదుగా కూడా ఉండకూడదు. 2022లో వచ్చిన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రమాణం లిథియం బ్యాటరీని మనుషులుండే భాగంలోకి గాలి రాని వేరే అరలో పెట్టాలని చెప్పింది ఇందుకే.

తూములూ కాలువలూ

ప్యానెల్‌ని తీసుకొచ్చి బ్యాటరీకి నేరుగా తగిలించకూడదు. మధ్యలో చార్జ్ కంట్రోలర్ ఉండాలి. బ్యాటరీ నిండాక ప్రవాహాన్ని ఆపడం దాని మొదటి పని. ఎండాకాలం మధ్యాహ్నానికే బ్యాటరీ నిండిపోతే ఆపై కాసిన ఎండంతా అలుగు పారినట్టే. తెలిసినవాళ్ళు ఆ సమయంలోనే ల్యాప్‌టాప్ చార్జ్ చేసుకుంటారు, అన్నం వండుకుంటారు, రాత్రికి ఫ్రిజ్‌ని ముందే బాగా చల్లబరుస్తారు.

కంట్రోలర్ రెండో పని ఇంకా నాణ్యమైనది. ప్యానెల్ తన శక్తంతా ఇచ్చేది ఒక నిర్దిష్టమైన వోల్టేజీ దగ్గర. చిన్న ప్యానెళ్ళకు అది 18, 20 వోల్టుల దగ్గర ఉంటుంది, ఇళ్ళ మీద పెట్టే పెద్ద ప్యానెళ్ళకు 30, 40 కూడా. బ్యాటరీది 13. చవక కంట్రోలర్ ప్యానెల్‌ని బ్యాటరీ స్థాయికి లాగేసి, పైనున్న వోల్టులను వదిలేస్తుంది. ఎంపీపీటీ అనే రకం అలా వదలదు. క్షణక్షణం వోల్టేజీని కొంచెం అటూ ఇటూ జరిపి ఎక్కడ శక్తి ఎక్కువ వస్తుందో వెతికి పట్టుకుని, ఎక్కువైన వోల్టులను ఆంపియర్లుగా మార్చి బ్యాటరీకి ఇస్తుంది. మబ్బు వచ్చినా, వేడి పెరిగినా మళ్ళీ వెతుకుతుంది. పెద్ద ప్యానెల్‌ని 12 వోల్టుల బ్యాటరీకి కలిపేవాళ్ళకు ఇది తప్పనిసరి.

తీగల దగ్గర చాలామంది పొదుపు చేస్తారు. అక్కడ చేయకూడదు. 2000 వాట్ల కెటిల్ ఇంటి ప్లగ్గులో 9 ఆంపియర్లు లాగుతుంది. అదే కెటిల్‌ని ఇన్వర్టర్ ద్వారా 12 వోల్టుల బ్యాటరీ మీద నడిపితే బ్యాటరీ తీగలో 170 ఆంపియర్ల పైగా పారాలి. తీగలో పుట్టే వేడి కరెంటుతో సమానంగా పెరగదు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు, పందొమ్మిది రెట్లయితే 350 రెట్ల పైన. ఇంట్లో వాడే సన్నని తీగ ఇక్కడ కరిగిపోతుంది. బొటనవేలంత లావు తీగ, వీలైనంత పొట్టిది కావాలి. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి, ఎందుకంటే తీగ ఎక్కడ ఒరుసుకుపోయి షార్టయినా దాన్ని ఆపగలిగేది ఆ ఫ్యూజే.

కారు కూడా ఒక వాగే. నడుస్తున్నప్పుడు దాని ఆల్టర్నేటర్ నుంచి ప్రత్యేకమైన చార్జర్ ద్వారా 25 ఆంపియర్లు కారవాన్ బ్యాటరీకి పంపుకుంటే గంటకు 0.3 యూనిట్ చేరుతుంది. అంటే రెండు గంటల ప్రయాణం, మెల్బోర్న్ చలికాలంలో ఒక రోజంతా కాసిన ఎండతో సమానం. మూడు రోజులకోసారి మకాం మార్చేవాళ్ళకు ఫ్రిజ్ ఎందుకు ఆగదో, వారంపాటు ఒకేచోట ఉండేవాళ్ళకు ఎందుకు ఆగుతుందో ఇప్పుడు తెలుస్తుంది.

ఎండ ఉన్నచోటికే

ఇంటి కప్పుకి లేని అదృష్టం కారవాన్ కప్పుకి ఉంది, అది కదలగలదు. జూన్‌లో మెల్బోర్న్‌లో చదరపు మీటరు నేల మీద రోజుకు పడే ఎండ సగటున 2 యూనిట్ల లోపు. అదే నెలలో ఆలిస్ స్ప్రింగ్స్‌లో 4 యూనిట్ల పైన, భూమధ్యరేఖకు దగ్గరున్న డార్విన్‌లో 5 యూనిట్ల పైన. మే నెల రాగానే గ్రే నోమాడ్స్ వేల బండ్లతో ఉత్తరానికి కదిలేది వెచ్చదనం కోసమే అయినా, వాళ్ళ ప్యానెళ్ళకూ అదే మేలు. 400 వాట్ల ప్యానెల్ అక్కడ పావు వంతు నష్టాలు పోగా ఒకటిన్నర యూనిట్ ఇస్తుంది. ఆ వేడికి ఫ్రిజ్ కొంచెం ఎక్కువ తాగినా మిగులే.

వేడి ప్రాంతానికి వెళ్ళాక వచ్చే ప్రశ్న ఏసీ. కారవాన్ ఏసీ నడుస్తున్నప్పుడు సుమారు 1000 వాట్లు తింటుంది. రాత్రి ఎనిమిది గంటలు, మధ్యమధ్య ఆగుతూ నడిచినా 5 యూనిట్లు కావాలి. అంటే 100 ఏహెచ్ లిథియం బ్యాటరీలు నాలుగు, వాటిని మరుసటి రోజు నింపడానికి 1200 వాట్ల ప్యానెళ్ళు, అదీ మబ్బు పట్టని రోజున. ఆరు మీటర్ల పొడుగు కారవాన్ కప్పు 14 చదరపు మీటర్లు ఉన్నా కిటికీలు, ఏసీ డబ్బా పోగా ప్యానెళ్ళకు మిగిలేది ఐదారు చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 200 వాట్ల చొప్పున అందులో పట్టేది 1000, 1200 వాట్లు. అంటే రాత్రంతా ఏసీ అన్నది కప్పు హద్దు దగ్గరకొచ్చి ఆగే కోరిక. డబ్బు ఎంత పెట్టినా కప్పు పెరగదు.

కప్పు మీది ఎండతో బండినే నడపలేమా అని కూడా అడుగుతారు. ఆస్ట్రేలియాలోనే దానికి తొలి జవాబు దొరికింది. హాన్స్ థోల్‌స్ట్రప్, లారీ పెర్కిన్స్ తయారుచేసిన క్వైట్ అచీవర్ అనే ఒంటి మనిషి కారు 1982 డిసెంబరులో పెర్త్‌లో బయలుదేరి, జనవరిలో సిడ్నీ చేరింది. సుమారు 4000 కిలోమీటర్లు, 20 రోజులు, ఎండ తప్ప మరో ఇంధనం లేదు. దాని వెనకే 1987లో డార్విన్ నుంచి అడిలైడ్ దాకా సోలార్ కార్ల పందెం మొదలైంది. 2021లో నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయ విద్యార్థులు స్టెల్లా వీటా అనే బండి తయారుచేశారు. మంచం, వంటగట్టు, స్నానాలగది అన్నీ ఉన్న ఆ బండి ఆగినప్పుడు కప్పు రెక్కల్లా విచ్చుకుని 17.5 చదరపు మీటర్ల ప్యానెల్ అవుతుంది. ఆ బండిలోనే వాళ్ళు స్పెయిన్ దక్షిణపు కొసన ఉన్న తరీఫా దాకా వెళ్ళారు.

ఆ బండి నడవడానికి కారణం ప్యానెళ్ళ విస్తీర్ణం ఒక్కటే కాదు. గాలిని చీల్చుకుపోయే కన్నీటిబొట్టు ఆకారం, ఎక్కడికక్కడ తగ్గించిన బరువు అందులో సగం పని చేశాయి. మామూలు కారవాన్ ముందు వైపు నిటారు గోడ. దాన్ని లాగే విద్యుత్ కారుకు వంద కిలోమీటర్లకు 40 యూనిట్ల దాకా ఖర్చవుతుంది. కప్పు నిండా 1000 వాట్లు పరిచి, జనవరి ఎండలో రోజంతా నిలబెట్టినా వచ్చేది 5 యూనిట్లు. దాంతో పన్నెండు కిలోమీటర్లు లాగొచ్చు. అవే 5 యూనిట్లు ఆగి ఉన్న బండిలో ఇద్దరు మనుషులకు ఐదు రోజుల ఫ్రిజ్, లైట్లు, ఫోన్లు, హీటరు ఫ్యాను.